తక్కెడ పక్కన బంతి

నాయనమ్మ నెల మాసికానికి ధవళేశ్వరం వెళ్ళాం. భోజనాలయ్యాక అమ్మ దేవుడి గది సర్దుతూ నన్ను పిలిచింది. అలమర కింది అరలో, తాతయ్య కాలంనాటి ఇత్తడి తక్కెడ పక్కన, పసుపు గుడ్డలో చుట్టిన గుండ్రటి మూట ఒకటి ఉంది. చేతిలోకి తీసుకోగానే బరువును బట్టే నాకు తెలిసిపోయింది. విప్పితే నా ఫుట్‌బాల్. గాలి పోయి ఒక పక్క సొట్టపడింది. తెలుపు, నలుపు పలకలు వెలిసి రెండూ ఒకే బూడిదరంగులోకి వచ్చేశాయి. పైభాగాన మాత్రం గంధం మీద కుంకుమ, దాని మీద మళ్ళీ గంధం, మళ్ళీ కుంకుమ, ఏళ్ళ తరబడి పెట్టడంతో చిన్న పెచ్చులా గట్టిపడి ఉంది. నేను ఆట మానేసేనాటికి పదో తరగతి. ఇప్పుడు నా కూతురికి ఏడేళ్ళు. ఇన్ని దసరాలకూ నాయనమ్మ ఆ బంతికి బొట్టు పెడుతూనే ఉందన్నమాట.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నాయనమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుంది అమ్మ. అదీ నిజమే. కానీ ఆ వారమంతా నా గుండెల మీద ఇంకో బరువు కూడా ఉంది. రాజమండ్రిలో మా తన్వి చదివే స్కూలు నుంచి ఆటల సార్ ఫోన్ చేశారు. "మేడమ్, పాప కాలు మామూలు కాలు కాదండి. నేను ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్లని చూడలేదండి. ఆదివారం అకాడమీ వాళ్ళు సెలక్షన్స్ పెడుతున్నారు, తప్పకుండా తీసుకురండి" అన్నారు. చూస్తానండి అని పెట్టేశాను. తన్వి ఆ రోజు నుంచీ ఏమీ అడగకుండా నా మొహంలోకి చూస్తూ తిరుగుతోంది. మా ఆయన కిరణ్ మాత్రం తేలిగ్గా తీసుకున్నారు.

"ఆడనీ శిరీషా. మహా అయితే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోతే?"

ఆయన అర్థం కానట్టు చూశారు. "ఏమీ కాకపోతే మంచిదే కదా. దెబ్బలు తగలవు."

నేను అడిగింది దెబ్బల గురించి కాదు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియకే, తన్వి నిద్రపోయాక ఇలా కాగితం ముందు కూర్చుంటున్నాను.

ధవళేశ్వరంలో మాది కొబ్బరికాయల హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య పెద్ద వాకిలి. కోనసీమ నుంచి లారీ వచ్చి వీధిలో ఆగితే, ముఠా వాళ్ళు బుట్టలతో కాయలు మోసుకొచ్చి వాకిట్లో గుమ్మరించేవారు. ఇల్లంతా తడిసిన పీచు వాసన. మేం కట్టుకున్న బట్టలకీ, పుస్తకాలకీ, చివరికి పెరుగన్నానికి కూడా ఆ వాసనే ఉందని బళ్ళో స్నేహితులు ఏడిపించేవారు. కోరుకొండ కొండ కింది కొట్లకీ, ద్రాక్షారామం గుడి ముందు కొట్లకీ మా కాయలే వెళ్ళేవి. అందుకని నాయనమ్మ దృష్టిలో అవి సరుకు కాదు, దేవుడికి చేరవలసినవి, దారిలో కొన్నాళ్ళు మా వాకిట్లో ఆగినవి. ఆవిడ తెల్లవారకముందే లేచి, కొట్టు గుమ్మం కడిగి, గడపకు పసుపు రాసి, తక్కెడకీ గల్లాపెట్టెకీ దణ్ణం పెట్టుకునేది. మధ్యాహ్నం నాన్న కునుకు తీసే వేళ గల్లాపెట్టె ముందు ఆవిడే కూర్చునేది. మాట కరుకు. బేరం ఆడేవాళ్ళు నాన్న లేచేదాకా బయట నిలబడేవారు గానీ ఆవిడ దగ్గరకు వచ్చేవారు కాదు.

మా ఇంట్లో కాలికి తగలకూడనివి చాలా ఉండేవి. కాగితం, గింజ, చిల్లర, తూకపు రాళ్ళు, గోనెసంచి, చీపురు, మనిషి. తగిలితే వంగి దాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. అందరి ఇళ్ళలోనూ ఉండే అలవాటే ఇది, కానీ మా ఇంట్లో దీనికి సెలవు లేదు. నాకు ఊహ తెలిసేనాటికే అది ఒంట్లోకి దిగిపోయింది. ఆలోచన అక్కర్లేదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేసేది.

వాకిలి వీధి వైపుకు వాలుగా ఉండేది. కాయలు గుమ్మరించినప్పుడు కుప్ప జారి కొన్ని కాయలు వాలుకు దొర్లి వీధి మురిక్కాలవలో పడేవి. అందులో పడిన కాయ ఇక గుడికి పనికిరాదు. వాటిని ఆపడం నా పని. పైనున్న పీచు డొక్క ఒలవని కొబ్బరికాయ తిన్నగా దొర్లదు. ఎటు తిరుగుతుందో అది కదిలాక గానీ తెలియదు. వంగి చేత్తో పట్టుకునే లోపల పక్కది వెళ్ళిపోతుంది. అందుకని కాలే ముందుకు వెళ్ళేది. పాదంతో నొక్కి ఆపేదాన్ని, వెంటనే వంగి తాకి కళ్ళకద్దుకునేదాన్ని, అప్పటికి ఇంకోటి వచ్చేది. ముఠా మేస్త్రి వీర్రాజు బుట్ట నెత్తిన పెట్టుకుని నవ్వేవాడు. "అమ్మాయిగారూ, ముందు కాయలాపండి! దణ్ణాలు తర్వాత పెడుదురుగాని!"

ఓసారి మా బళ్ళో ఆటల పోటీల ముందు కొట్టడానికి కొబ్బరికాయ కోసం మా కొట్టుకు సత్యనారాయణ మాస్టారు వచ్చారు. ఆయన డ్రిల్లు మాస్టారు. అప్పుడు నేను నాలుగో తరగతి. లోపల లారీ సరుకు దిగుతోంది. ఆయన కాయ చేత్తో పట్టుకుని, డబ్బులివ్వడం మర్చిపోయి, చాలాసేపు నా వైపే చూస్తూ నిలబడ్డారట.

"ఆ పాప ఎవరండి మామ్మగారూ?"

"మా మనవరాలండి. ఏం, బళ్ళో ఏవన్నా అల్లరి చేసిందా?"

"లేదండి. ఆ కాయలాపుతోంది చూడండి. అసలు కాళ్ళ వైపు చూడట్లేదండి."

"ఎందుకండి చూడటం? కాళ్ళెక్కడికి పోతాయి?" అంది నాయనమ్మ.

మాస్టారు ఆ మాట ఆ తర్వాత ఎంతమందికి చెప్పి నవ్వారో. మర్నాటి నుంచి నన్ను పెద్దపిల్లలతో పాటు గ్రౌండులోకి దింపారు. గుండ్రంగా, తిన్నగా దొర్లే బంతి నా కాలికి తగిలిన మొదటి రోజు నాకు ఇంకా గుర్తుంది. ఇంత సులువా అనిపించింది. ఎటు పొమ్మంటే అటు పోతోంది!

వేసవి సెలవుల్లో ఆడుకోమని మాస్టారు ఒక బంతి ఇంటికిచ్చి పంపారు. నాయనమ్మ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. "తోలుదా ఏంటే?" అని దగ్గరకు తీసుకుని వాసన చూసింది. రెక్సిన్ అని మాస్టారు స్వయంగా వచ్చి చెప్పాక గానీ లోపలికి రానివ్వలేదు. తర్వాత నన్ను ఎదురుగా నిలబెట్టి అంది, "ఆడుకో. నేను వద్దనను. కానీ రోజంతా దాన్ని తంతావు కదా. ఆటయ్యాక తాకి కళ్ళకద్దుకోవాలి. దాని రుణం దానికి తీర్చెయ్యాలి." అలాగే అన్నాను. ఆ ఏడు దసరాకి ఆయుధపూజ రోజున తక్కెడ, తూకపు రాళ్ళు, డొక్క ఒలిచే పార వరసగా పెట్టి, చివర్న నా బంతికి కూడా గంధం, కుంకుమ పెట్టింది. నాన్న పగలబడి నవ్వారు.

"అమ్మా, అది ఆటవస్తువే. దానికి కూడానా?"

"నీకు తక్కెడ, పిల్లకిది. నవ్వకు, నైవేద్యం పెట్టాలి, పక్కకి జరుగు."

తర్వాతి మూడు నాలుగేళ్ళ గురించి గొప్పగా రాయాలనిపించడం లేదు, తక్కువ చేసి రాయాలనీ లేదు. నేను బాగా ఆడేదాన్ని. ఎంత బాగా అంటే, కోరుకొండలో మగపిల్లల టీములో ఒకడికి జ్వరం వచ్చి మాస్టారు నన్ను దింపితే, గట్టు మీద కుర్రాళ్ళు మొదట "కొబ్బరికాయలమ్మా, సంచీ మర్చిపోయావే!" అని అరిచి, సగం ఆట అయ్యేసరికి చప్పుడు లేకుండా చూశారు. బంతి నా దగ్గరకు వచ్చేముందే ఎవరు ఎటు కదలబోతున్నారో నాకు తెలిసేది. ఎలా తెలిసేదని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. గోలు కొట్టినప్పుడల్లా వలలోంచి బంతి తీసి కళ్ళకద్దుకునేదాన్ని. జనానికి అది తెగ నచ్చింది. నాకు 'దణ్ణం పాప' అని పేరు పెట్టారు. ఎక్కడికెళ్ళినా "దణ్ణం పాప వచ్చిందిరోయ్" అనేవారు. కొట్టుకు వచ్చినవాళ్ళు నాన్నతో "మీ అమ్మాయి ఇండియాకి ఆడుతుందండి శెట్టిగారూ, రాసి పెట్టుకోండి" అనేవారు. మాస్టారు ఒక్కరే ఆ అలవాటు చూసి నొసలు చిట్లించేవారు. "దణ్ణం పెట్టుకో తల్లీ, వద్దనను. కానీ విజిల్ వేశాకే. విజిల్ వినపడేదాకా చెయ్యి నీది కాదనుకో." నేను తలూపేదాన్ని. నాయనమ్మ ఎప్పుడూ గెలిచావా అని అడిగేది కాదు. "దెబ్బలేం తగల్లేదు కదా? దణ్ణం పెట్టావా?" ఈ రెండే అడిగేది.

ఎనిమిదో తరగతిలో ఉండగా రాజమండ్రిలో ఒక పెద్ద గ్రౌండులో పోటీలు జరిగాయి. స్పోర్ట్స్ హాస్టల్‌కి పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు షామియానా కింద కూర్చున్నారు. నాయనమ్మ ఆ రోజు మొదటిసారి నా ఆట చూడటానికి వచ్చింది. స్టీలు క్యారేజీలో దద్దోజనం పెట్టుకుని, అందరికంటే ముందు, ఎండలో సిమెంటు మెట్ల మీద కూర్చుంది. సెలెక్టర్లకి కూడా పెట్టబోతే నాన్న ఆపారు. ఆట చివరికొచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలి వాళ్ళకి కార్నర్ కిక్ వచ్చింది, గోలు కాపాడాలని నేనూ వెనక్కి మా గోలు ముందుకు వచ్చాను. బంతి గాల్లో వచ్చి, ఎవరి తలకో తగిలి, నా ముందు పడింది. పాదంతో నొక్కి ఆపాను. సరిగ్గా అప్పుడే విజిల్ వినిపించింది. నేను వంగాను. బంతిని రెండు చేతులతో తాకాను. కళ్ళకద్దుకున్నాను.

ఆ విజిల్ మా ఆటది కాదు. పక్కన జరుగుతున్న కబడ్డీ పోటీది.

కళ్ళు తెరిచేసరికి మా రిఫరీ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ఈసారి ఆయనే విజిల్ ఊదుతూ. ఆట మధ్యలో, సొంత గోలు ముందర, బంతిని చేత్తో తాకితే అవతలి వాళ్ళకి పెనాల్టీ ఇస్తారు. జనం ముందు నవ్వారు. వాళ్ళు మంచిగానే నవ్వారు, దణ్ణం పాప కదా అని. పెనాల్టీ గోలయ్యాక నవ్వు ఆగిపోయింది. మేం ఓడిపోయాం. షామియానా కింద ఎవరో అన్న మాట మాస్టారు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నాయనమ్మ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్న నేను బంతి తీసుకుని వాకిట్లోకి వస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇక నుంచి కళ్ళకద్దుకోకు. నీ బదులు దణ్ణం నేను పెట్టుకుంటాలే. దేవుడికి నేను చెప్పుకుంటాను." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఆటయ్యాక బంతిని అరుగు మీద వదిలి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చి చూస్తే ఆవిడ మోకాళ్ళ నొప్పితో మెల్లగా వంగి బంతిని తాకి కళ్ళకద్దుకుంటోంది. ఆ తర్వాత నేను ఆడినన్నాళ్ళూ ప్రతి సాయంత్రం అలాగే చేసింది.

కానీ ఒంటికి చెప్పడం అంత సులువు కాదు. కాలికి బంతి తగలగానే నా నడుము వంగబోయేది. దాన్ని బలవంతంగా ఆపేదాన్ని. మాస్టారు రెండు చేతుల్లోనూ రుమాళ్ళు పట్టుకుని ఆడమన్నారు. ఆడాను. చెయ్యి ఆగడం నేర్చుకుంది. దానితోపాటు కాలు కూడా ఆగడం నేర్చుకుంది. కాలు, చెయ్యి నాకు వేరువేరుగా రాలేదు, చిన్నప్పుడు వాకిట్లో రెండూ కలిసే వచ్చాయి. ఒకదాన్ని కట్టేస్తే రెండోది తడబడింది. ఒక్క క్షణమే, చూసేవాళ్ళకి తెలియనంత. ఆ క్షణంలో బంతి ఎవరో ఒకరు తీసుకుపోయేవారు. నేను కాళ్ళ వైపు చూసుకోవడం మొదలుపెట్టాను. మరుసటి ఏడు నన్ను జట్టులో అదనపు క్రీడాకారిణిగా తీసుకున్నారు, బెంచీ మీద కూర్చున్నాను. ఆ పై ఏడు పిలవలేదు. పదో తరగతి పరీక్షలు వచ్చాయి. ఒకరోజు బంతి అరుగు మీద పెట్టి చదువుకోవడానికి లోపలికి వెళ్ళాను, మళ్ళీ తీయలేదు. అంతే. పెద్ద కథేం లేదు.

చిన్నప్పుడు ఆడేదాన్నని తెలిసినవాళ్ళు ఇప్పటికీ జాలిగా అంటారు, "ఆడపిల్లవి కదా, ఇంట్లో మానిపించేసి ఉంటారు" అని. నేను మాట మారుస్తాను. నన్నెవరూ మానిపించలేదు. నాన్న బూట్లు కొన్నారు. అమ్మ మోకాళ్ళకి పసుపు పట్టించింది. నాయనమ్మ తన దేవుడితోనే నా తరఫున మాట్లాడింది. అందరూ ఇవ్వవలసింది ఇచ్చాక కూడా నా దగ్గర ఉన్నది పోయింది. ఎవరి మీదా కోపం పెట్టుకోవడానికి లేదు. పోయాక కూడా ఏళ్ళ తరబడి కొట్టుకు వచ్చినవాళ్ళు "ఆడుతున్నావామ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. నేను ఇంటర్లో చేరాక కూడా, డిగ్రీ అయ్యాక కూడా. చివరికి పెళ్ళిపందిట్లో అక్షింతలు వేస్తూ ఒక పెద్దాయన "దణ్ణం పాప కదూ!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. తన్వికి నేను కూడబెట్టి ఉంచాలనుకున్న వాటిలో ఆ నవ్వు లేదు. పదేళ్ళకే అందరి కళ్ళూ తన మీద ఉండటం, పదిహేనేళ్ళకి అవి మెల్లగా ఇంకో పిల్ల వైపు తిరగడం, అది దెబ్బలాగా కనపడదు. మందు రాయడానికి చోటుండదు. ఆ ఆదివారం గురించి నేను భయపడింది అందుకే.

ఇప్పుడు అన్నీ వేరు. మా అపార్ట్‌మెంట్ సెల్లారులో స్కూటర్ల మధ్య తన్వి బంతి ఆడుతుంటే వాచ్‌మన్ ఫోన్‌లో వీడియో తీసి నాకే పంపిస్తాడు. సార్ ఆమె వీడియోలు అకాడమీ వాళ్ళకి ముందే పంపేశారు. మెరుగైన బూట్లు, మోకాళ్ళకి కట్లు, ఏం తినాలో చెప్పే మనుషులు, అన్నీ ఉన్నాయి. పిల్ల ఇంకా రెండో తరగతి, అప్పుడే ముందు ముందు ఏమవుతుందో అందరూ చెబుతున్నారు. నా బంతిని వాసన చూసి ఇంట్లోకి రానిచ్చిన మనిషి మాత్రం ఒక్కసారి కూడా అలా అనలేదు. అది నాకు ఏం తెచ్చిపెడుతుందని అడగలేదు.

దేవుడి గదిలో ఆ బంతి ఒళ్ళో పెట్టుకుని అమ్మని అడిగాను. "ఇన్నేళ్ళూ పెడుతూనే ఉందా? నువ్వు చెప్పనేలేదే."

"ఏం చెప్పనే. నేనూ అన్నాను. ఎందుకత్తయ్యగారూ, అది ఆట మానేసి ఎన్నాళ్ళయిందీ అని. 'తక్కెడ మాత్రం వాడుతున్నామా ఏంటి? కరెంటు మిషనొచ్చింది కదా. వాడట్లేదని బొట్టు పెట్టడం మానేస్తామా?' అన్నారు."

తక్కెడ వైపు చూశాను. దాని ఇత్తడి పళ్ళేలకి కూడా అదే మందాన కుంకుమ ఉంది. నాయనమ్మ వాటి రెంటికీ తేడా చేయలేదు. ఒకటి ఇంటిని పోషించింది, రెండోది ఎవరికీ ఏమీ తెచ్చిపెట్టలేదు. ఆవిడకి రెండూ మనుషులు ఇష్టంగా పట్టుకున్న వస్తువులు, అంతే. నేను ఓడిపోయినదాన్నని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను. అదే ఇంట్లో, నా బంతి ఏటా పూజలందుకుంటూ ఉంది.

అప్పుడే తన్వి వచ్చింది. నా ఒళ్ళోని బంతిని చూసి, అడగకుండానే తీసుకుని వాకిట్లోకి పరుగెత్తింది. వెనకాలే వెళ్ళాను. వాకిట్లో ఇప్పుడు కాయల కుప్ప చిన్నదయింది, వాలు మాత్రం అలాగే ఉంది. సొట్టపడ్డ బంతి తిన్నగా దొర్లలేదు. కొబ్బరికాయలాగే ఓ పక్కకి పోబోయి ఇంకో పక్కకి తిరిగి, వీధి మురిక్కాలవ వైపు జారింది. తన్వి చూపు ఎటో ఉంది. కాలు మాత్రం వెళ్ళి దాన్ని ఆపింది.

అప్పుడు తను కిందకు చూసింది. కుంకుమ కనిపించినట్టుంది, ఉలిక్కిపడి పాదం తీసేసింది.

"అమ్మా, దీనికి బొట్టుంది! తన్నొచ్చా?"

అరుగు మీద నాన్న, వెనక గుమ్మంలో అమ్మ, ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"తన్నొచ్చు" అన్నాను.

"మరి దణ్ణం పెట్టక్కర్లేదా?"

"పెట్టాలి. ఆట అయిపోయాక. విజిల్ వేశాక."

తన్వి కాలి బొటనవేలితో బంతిని కొంచెం ముందుకు తోసి, మళ్ళీ ఆపి, తలెత్తింది. "ఇక్కడ విజిల్ ఎవరేస్తారు?"

"ఇక్కడెవరూ వెయ్యరు. ఆదివారం గ్రౌండులో ఉంటారుగా సార్లు, వాళ్ళేస్తారు."